ఒరైజా సటైవా, రఫానస్ సటైవస్, అల్లియం సటైవమ్: ఒకే మాటకి మూడు తోకలు ఎందుకు?

పోయిన వీడియోలో పెరటి తోట చూపిస్తూ, ప్రతి మొక్క కింద దాని శాస్త్రీయ నామం వేశాను. వరికి ఒరైజా సటైవా, ముల్లంగికి రఫానస్ సటైవస్, వెల్లుల్లికి అల్లియం సటైవమ్. ఆ రోజు సాయంత్రం నుంచే ఫోన్లు. "అన్నా, స్పెల్లింగ్ తప్పులు పడ్డాయి చూసుకో" అని కొందరు. విడవలూరు వైపు నుంచి ఒక పెద్దాయనైతే, "ఏంది అబ్బయ్యా, ఒక్కో చోట ఒక్కో రకంగా రాసిపెట్టావు, ఏదో ఒకటి ఖాయం చెయ్" అన్నారు.

అది తప్పు కాదండీ. మూడూ కరెక్టే. ఆ చివరి అక్షరాలు అలాగే మారాలి. ఎందుకు మారాలో ఫోన్లో చెప్పేది కాదు గనక ఇక్కడ రాస్తున్నా. మొక్కల పేర్ల వ్యాకరణం మనకెందుకు అని వదిలేయకండి. మనం కొనే ట్రైకోడెర్మా డబ్బా, వేప గింజల బస్తా, పచ్చిరొట్ట విత్తనాల సంచి, అన్నింటి మీదా ఈ పేర్లే ఉంటాయి. చదవడం వస్తే డబ్బులు మిగుల్తాయి.

ముందు అర్థం చూద్దాం. లాటిన్ భాషలో "సెరెరె" అని ఒక క్రియ ఉంది. అంటే విత్తడం, వెదబెట్టడం. దాని నుంచి "సతుస్", అంటే విత్తిన. దానికి "ఈవుస్" అనే ప్రత్యయం తగిలిస్తే "సతీవుస్". విత్తేది, విత్తి పెంచేది అని అర్థం. ఇంగ్లీషు వాళ్ళ నోట్లో పడి అది సటైవస్ అయింది, మనం డిప్లొమాలో బట్టీ పట్టిందీ అదే. పాత రోమన్ల ఉచ్చారణ సతీవుస్‌కే దగ్గర. మీరు ఎలా పలికినా నాకు అభ్యంతరం లేదు, రాసేటప్పుడు తోక సరిగ్గా ఉంటే చాలు.

ఈ విత్తే వేరు నుంచి పుట్టిన మాటలు మనం రోజూ వాడుతున్నాం, తెలియకుండానే. "సెమెన్" అంటే లాటిన్‌లో విత్తనం. పశువుల ఆసుపత్రిలో చేసే కృత్రిమ ఇన్సెమినేషన్‌లో ఉన్నది ఆ విత్తనమే. "సెమినారియుమ్" అంటే ఏమిటో తెలుసా? నారుమడి! ఇప్పుడు మనల్ని ఏసీ హాల్లో కూర్చోబెట్టి పెట్టే సెమినార్ అనే మాట ఆ నారుమడి నుంచి వచ్చిందే. ఖరీఫ్ సీజన్, రబీ సీజన్ అంటాం కదా, ఆ సీజన్ కూడా "సతియో" అనే మాట నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి వచ్చింది. సతియో అంటే విత్తే పని. అంటే సీజన్ అన్నది మొదట్లో వెదబెట్టే అదును. రోమన్లు చేలో నిలబడి ఉన్న పైరుని "సత" అనేవాళ్ళు, అంటే విత్తినవి. మన తెలుగులోనూ అంతే చూడండి, విత్తు అంటే గింజా అదే, వేసే పనీ అదే.

ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ (వెసువియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు, క్రీ.శ. 79లో చనిపోయారు) మొక్కల గురించి రాసేటప్పుడు ఈ మాటని "సిల్వెస్ట్రిస్" అనే మాటకి ఎదురుగా వాడతారు. సిల్వా అంటే అడవి. అడవిలో దానంతట అది మొలిచింది సిల్వెస్ట్రిస్, మనిషి విత్తింది సతీవుస్. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ తన "స్పీషీస్ ప్లాంటారమ్" పుస్తకంలో ప్రతి మొక్కకీ రెండు మాటల పేరు పెట్టినప్పుడు, సాగులో ఉన్న చాలా వాటికి ఈ విశేషణాన్నే తగిలించారు. మన వరి, ముల్లంగి, వెల్లుల్లి, కొత్తిమీర, బఠాణీ, కీరదోస, పశువులకి వేసే లూసర్న్, అన్నీ సటైవా కుటుంబమే. చెప్పొద్దూ, గంజాయి కూడా కన్నాబిస్ సటైవానే! ఎక్కువ తింటే కాళ్ళు పడిపోయే కేసరి పప్పు లాథైరస్ సటైవస్. కాబట్టి సటైవా అంటే మంచిదని కాదు, ఆరోగ్యమని కాదు. ఎవరో ఒకరు విత్తుతూ వచ్చారని, అంతే.

ఇక తోకల సంగతి. తెలుగులో విశేషణం మారదు. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి గిత్త, మంచి విత్తనం. "మంచి" ఎక్కడైనా మంచే. కానీ సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లో మారుతుంది. సుందరుడు, సుందరి, సుందరము. మగవాడికి ఒకటి, ఆడమనిషికి ఒకటి, వస్తువుకి ఒకటి. లాటిన్‌ది ఈ పద్ధతే. పుంలింగానికి సటైవస్, స్త్రీలింగానికి సటైవా, నపుంసకానికి సటైవమ్. డు, ఇ, ము లాగా అస్, ఆ, అమ్ అని గుర్తు పెట్టుకోండి.

మొక్కకి ఆడా మగా ఏంటి అంటారా? ఇది పువ్వులోని ఆడా మగా కాదు. బొప్పాయిలో ఆడ చెట్టు, మగ చెట్టు అంటామే, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది మాట తాలూకు లింగం. మనకైతే మొక్కలన్నీ "అది". లాటిన్‌లో ప్రతి నామవాచకానికీ ఒక లింగం ఉంటుంది. రఫానస్ పుంలింగం, ఒరైజా స్త్రీలింగం, అల్లియం నపుంసకం. పేరులో మొదటి మాట ప్రజాతి, రెండోది దాన్ని వర్ణించేది. మొదటి మాట ఏ లింగమో రెండోది ఆ లింగంలో నడవాలి. మొక్కల పేర్లకి ఉన్న అంతర్జాతీయ నియమావళిలోనే ఈ రూలు ఉంది. కొత్త మొక్కకి పేరు పెట్టిన శాస్త్రవేత్త తోక తప్పు రాసినా, తర్వాతి వాళ్ళు దాన్ని సరిచేసి రాస్తారు.

ఇక్కడిదాకా తేలిక. చిక్కు ఎక్కడంటే, మొదటి మాట చివర "అస్" ఉంటే పుంలింగం అనేసుకోవడానికి లేదు. లాటిన్‌లో చెట్ల పేర్లు చాలావరకు స్త్రీలింగం. రావి చెట్టు ఫైకస్ రెలిజియోసా, మేడి ఫైకస్ రాసిమోసా, చింత టామరిండస్ ఇండికా. చూశారా, మొదటి మాట అస్, రెండో మాట ఆ. మన గూడూరు, పొదలకూరు నిమ్మ సిట్రస్ ఆరాంటిఫోలియా, అదీ అంతే. రోమన్లు చెట్టుని తల్లిలా చూశారని కొందరు రాస్తారు. నాకైతే అందంగా ఉంది గానీ, వ్యాకరణానికి అంత కవిత్వం అక్కర్లేదేమో.

ఇంకో చిక్కు మన జీవన ఎరువుల షాపులోనే ఉంది. ట్రైకోడెర్మా. చివర "ఆ" ఉంది కదా, స్త్రీలింగం అనుకుంటాం. కాదు. డెర్మా గ్రీకు మాట, అంటే చర్మం, అది నపుంసకం. అందుకే ట్రైకోడెర్మా హర్జియానమ్ అంటారు, హర్జియానా అనరు. ట్రైకోడెర్మా విరిడే కూడా ఇదే లెక్క. "విరిడిస్" అంటే పచ్చని. ఈ విశేషణానికి మూడు కాదు, రెండే తోకలు. మగకీ ఆడకీ విరిడిస్, నపుంసకానికి విరిడే. మన చిలక తోటకూర అమరాంథస్ విరిడిస్, బూజేమో ట్రైకోడెర్మా విరిడే. రెండూ పచ్చనివే. సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ ఉంది చూడండి, దానికి ఈ బాధే లేదు, మూడు లింగాలకీ ఫ్లోరోసెన్స్ ఒక్కటే.

బవేరియా బాసియానా మీరు చాలామంది వాడుతున్నారు. అది బాసి అనే మనిషి పేరు మీద చేసిన విశేషణం. ఇటలీకి చెందిన అగస్టినో బాసి, పట్టుపురుగులు తెల్లగా బూజు పట్టి చచ్చిపోవడానికి కారణం ఒక శిలీంధ్రమని 1835లో చూపించారు. బవేరియా స్త్రీలింగం గనక బాసియానా. మెటారైజియం అనిసోప్లియే అయితే వేరే సంగతి. అనిసోప్లియా అనేది గోధుమ చేలని తినే ఒక పెంకు పురుగు. రష్యా శాస్త్రవేత్త మెచ్నికాఫ్ 1879లో ఈ శిలీంధ్రాన్ని దాని మీదే గుర్తించారు. చివర "ఏ" కారం వస్తే "యొక్క" అని అర్థం. అనిసోప్లియా పురుగు యొక్క మెటారైజియం. రాముడు అనే మాట రాముని అయినట్టు. సటైవస్, సటైవమ్‌లకి ఈ రూపం సటైవి, సటైవాకి సటైవే. ఎక్కడ కనిపిస్తుందంటే మందుల పుస్తకాల్లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఔషధ మొక్కల పుస్తకంలో వెల్లుల్లి గడ్డని "బల్బస్ అల్లియి సటైవి" అంటారు. వెల్లుల్లి యొక్క గడ్డ అని.

ఇప్పుడు అసలు ఉపయోగానికి వద్దాం. పాత పుస్తకాల్లో పెసరని ఫాసియోలస్ రేడియేటస్ అని రాసేవారు. తర్వాత దాన్ని ఫాసియోలస్ నుంచి తీసి విగ్నా ప్రజాతిలో కలిపారు. ఫాసియోలస్ పుంలింగం, విగ్నా స్త్రీలింగం. ఇల్లు మారగానే తోక కూడా మారింది, విగ్నా రేడియేటా అయింది. వరి కోశాక మనం చల్లే పిల్లిపెసర మొదట డోలికోస్ ట్రైలోబేటస్, ఇప్పుడు విగ్నా ట్రైలోబేటా. ఆకుకి మూడు తమ్మెలు ఉంటాయని ఆ పేరు, చేలో నిలబడి ఆకు చూస్తే మీకే తెలుస్తుంది. ఉలవ డోలికోస్ యూనిఫ్లోరస్ నుంచి మాక్రోటైలోమా యూనిఫ్లోరమ్ అయింది. మళ్ళీ చివర "మా", ట్రైకోడెర్మా లాగా నపుంసకం. కాబట్టి రెండు పేర్లలో మొదటి మాట వేరై, రెండో మాట తోక మాత్రమే తేడా ఉంటే, అది ఒకే మొక్క పాత పేరూ కొత్త పేరూ అయి ఉండొచ్చు. అన్నిసార్లూ కాదు, ఒరైజా సటైవా, అల్లియం సటైవమ్ వేర్వేరు మొక్కలే కదా.

మినుము కూడా అప్పుడే ఇల్లు మారింది. ఫాసియోలస్ ముంగో నుంచి విగ్నా ముంగో. దాని తోక ఎందుకు మారలేదు? ముంగో విశేషణం కాదు, మన దేశపు మాటనే తీసుకుని పేరుగా పెట్టారు. నామవాచకానికి తోక మారదు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది చూసుకోండి. హిందీలో మూంగ్ అంటే పెసర. లాటిన్‌లో ముంగో అంటే మినుము! ఉత్తరాది నుంచి ఫోన్ మీద విత్తనం తెప్పించుకునేవాళ్ళు "మూంగ్, ముంగో ఒకటే" అనుకోవద్దు. రేడియేటా అంటే పెసర, ముంగో అంటే మినుము.

మన సముద్రతీరంలో తోక మారని పేరు ఇంకోటి ఉంది, మీకందరికీ తెలుసు. వనామీ. ముత్తుకూరు, అల్లూరు, ఇందుకూరుపేట ఎటు పోయినా వనామీ చెరువులే. ఆ మాట వాన్ నేమ్ అనే అమెరికా జంతుశాస్త్రవేత్త పేరు. వన్నామెయి అంటే "వాన్ నేమ్ యొక్క" అని. పీనియస్ వన్నామెయి కాస్తా లిటోపీనియస్ వన్నామెయి అయినా చివరి మాట కదల్లేదు. ఒక మనిషి ఇంటిపేరు ఇట్లా నెల్లూరు జిల్లాలో రొయ్య పేరై కూర్చుంది. దానికి బదులుగా అనాలేమో, మన ఒంగోలు గిత్త బ్రెజిల్ పోయి "నెలోరె" అనే పేరుతో మన ఊరి పేరు మోస్తోంది.

పోయిన ఏడాది ఒక వ్యాపారి వేప గింజలు ఉన్నాయి, కషాయానికి, నూనెకి పనికొస్తాయి, రేటు తక్కువ అని చెప్పి బస్తా శాంపిల్ పంపించాడు. చీటీ మీద "మేలియా అజెడరాక్" అని ఉంది. నేను దించుకోకుండానే వెనక్కి పంపించాను. ఎందుకంటే అది తురక వేప. మన వేప అజాడిరక్టా ఇండికా. గందరగోళానికి కారణం లేకపోలేదు. లిన్నేయస్ 1753లో మన వేపకి పెట్టిన పేరు మేలియా అజాడిరక్టా, తురక వేపకి పెట్టిన పేరు మేలియా అజెడరాక్. ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. 1830లో ఫ్రెంచి శాస్త్రవేత్త అద్రియాన్ జుస్సియు మన వేపని విడదీసి అజాడిరక్టా ఇండికా అని పెట్టారు. అజాడిరక్టా పారశీక మాట, "ఆజాద్ దరఖ్త్", స్వేచ్ఛా వృక్షం. పురుగు తినకుండా, పెరగకుండా చేసే అజాడిరక్టిన్ ఉండేది ఈ వేపలో. తురక వేప కాయలు పశువులకి విషం కూడా. పాత పుస్తకం చూసి "మేలియా అన్నా వేపే కదా" అని ఎవరైనా వాదిస్తే రెండో మాట చూడమనండి. అజాడిరక్టా అని ఉంటే వేపకి పాత పేరు. అజెడరాక్ అని ఉంటే తురక వేప. మీ కషాయం పని చేస్తుందా లేదా అన్నది ఆ రెండు మూడు అక్షరాల్లో ఉంది.

మళ్ళీ సటైవా దగ్గరికి వస్తా, ఒక సంగతి మిగిలిపోయింది. విత్తేది అన్న పేరు వరికి ఎంత సరిగ్గా అతికిందో మడిలో చూడొచ్చు. అడవి వరిలో గింజ పండగానే రాలిపోతుంది. దాని విత్తనం అదే వేసుకుంటుంది. వేల ఏళ్ళుగా మనవాళ్ళు కంకికి నిలిచిన గింజల్నే కోసి, వాటినే మళ్ళీ చల్లుతూ వచ్చారు. దాంతో రాలని వరి మిగిలింది. రాలదు గనక దానంతట అది ఊరంతా పాకదు, మనం విత్తకపోతే అంతే సంగతులు. ఎవరూ విత్తని రకం నాలుగైదేళ్ళలో గాదెలోనే మొలక చచ్చి పోతుంది. ఇది అక్షరాలా సటైవా.

చెరువు గట్ల పక్కన, నీళ్ళు నిలిచే చోట కనిపించే అడవి వరికి పేరు ఒరైజా నివారా. ఇది లాటిన్ మాట కాదు, మన నీవారం. రుషులు తినేవారని పురాణాల్లో వింటామే, ఆ నీవార ధాన్యం. 1960ల్లో శర్మ, శాస్త్రి అనే ఇద్దరు మనవాళ్ళు ఆ పేరు పెట్టారు. నామవాచకం గనక దీనికీ తోక మారదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళు గ్రాసీ స్టంట్ వైరస్‌ని తట్టుకునే గుణం కోసం వేల రకాలు వెతికితే, అది దొరికింది ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన ఒక నివారాలో. ఆ గుణం ఐఆర్ 36 లాంటి రకాల్లోకి వెళ్ళింది. వెదజల్లిన మడిలో మీసాలతో, ముందే రాలిపోయే కలుపు వరి కనిపిస్తే పీకేయండి, అది వేరే గోల. చెరువు గట్టున ఉన్న నివారాని మాత్రం మందు కొట్టి చంపకండి.

సటైవస్‌కి అన్నదమ్ముడు లాంటి మాట ఒకటుంది, "నాతీవుస్". నాతుస్ అంటే పుట్టిన. ఇంగ్లీషు నేటివ్ దీని నుంచే వచ్చింది. మనం నాటు విత్తనం అనే అర్థంలో నేటివ్ సీడ్ అంటాం. సటైవా అని రాస్తే నేటివ్ అని కాదు. ఈ మధ్య దేశవాళీ వరి పేరుతో అమ్మే ప్యాకెట్ల మీద పెద్ద అక్షరాలతో "ఒరైజా సటైవా" అని వేసి, ఇదేదో ప్రత్యేకత అన్నట్టు రేటు పెంచేస్తున్నారు. బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204 ఒరైజా సటైవానే. ఎన్ఎల్ఆర్ 34449, నెల్లూరు మసూరి, ఒరైజా సటైవానే. మన మొలగొలుకులూ ఒరైజా సటైవానే. ఆ పేరు మూడింటినీ విడదీయదు. విడదీసేది రకం పేరు, అది లాటిన్‌లో ఉండదు, మన నోట్లోనే ఉంటుంది. ప్యాకెట్ మీద రకం పేరు, పండించిన ఏడాది, మొలక శాతం లేకపోతే ఒరైజా సటైవా అని బంగారు అక్షరాలతో రాసినా కొనవద్దు.

మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001 గురించి ఇక్కడే చెప్పాలి. దాని 39వ సెక్షన్ ప్రకారం రక్షణ పొందిన రకమైనా సరే, రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, వాడుకోవచ్చు, విత్తుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఒక్క షరతు: ఆ రకం పేరుతో బ్రాండ్ వేసి, ప్యాకెట్ కట్టి అమ్మకూడదు. మన దగ్గర తరతరాలుగా ఉన్న రకాన్ని రైతు రకంగా రిజిస్టర్ చేసుకునే వీలు కూడా ఇదే చట్టంలో ఉంది, రైతులకి ఫీజు లేదు.

ఆ దరఖాస్తులో రకం పేరు ఒక గడి, మొక్క శాస్త్రీయ నామం ఇంకో గడి. మొలగొలుకులు అనేది మొదటి గడిలో, ఒరైజా సటైవా రెండో గడిలో రాయాలి. రెండూ కలిపి ఒకే గడిలో రాయకండి. ఇంగ్లీషులో నింపేటప్పుడు మొదటి మాట పెద్ద అక్షరంతో, రెండోది చిన్న అక్షరంతో మొదలవ్వాలి, చేత్తో రాస్తే రెండింటి కిందా గీత గీయాలి. నువ్వుల రకమైతే సెసామం ఇండికమ్, తోక అమ్. కొత్తిమీర కొరియాండ్రమ్ సటైవమ్. కీరదోస కుకుమిస్ సటైవస్. మీ దగ్గర ఉన్న పాత రకాల పేర్లు, వాటి కంకి ఫోటో, గింజ ఫోటో పంపిస్తే శాస్త్రీయ నామం తోకతో సహా నేను రాసి పంపిస్తాను. విత్తనం మాత్రం పంపకండి, ఈ ఏడు మీరే విత్తండి.